ఖరగ్‌పూర్ బంగళాలు

తెలుగువారికి బెంగాలు పేరు ఇంటిదాకా వచ్చిన పేరు. సముద్రం బంగాళాఖాతం, కూర బంగాళాదుంప, దొరగారి ఇల్లు బంగళా. మంగుళూరులో 1865లో బాసెల్ మిషన్ తయారుచేయ నారంభించిన పెంకును సైతం కోస్తావారు బంగళా పెంకు అనే పిలిచారు. బెంగాలు పల్లెలలోని వంగిన చూరుగల పూరిల్లే ఈ పదానికి మూలం. పదిహేడవ శతాబ్దిలో హుగ్లీ తీరాన దిగిన ఆంగ్ల వర్తకులు దానిని చూచి వాడుకున్నారు. కాలక్రమాన ఇటుక గోడలు చేర్చి తమదిగా చేసుకున్నారు.

1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే, ఇరవయ్యవ శతాబ్ది ఆరంభ వర్షాలలో ఖరగ్‌పూర్ ఎర్రమట్టి నేలపై వర్క్‌షాపుతోపాటు ఒక పట్టణాన్నే నిర్మించింది. ఆ కాలపు రైల్వే బంగళాలో వరండా ప్రధానం. ఎండ గోడను తాకకుండా అది ఆపుతుంది. ఎత్తైన కప్పు కింద చేరిన వేడిగాలి పైకిటికీల గుండా వెలికిపోతుంది. గోడలు మందం. ఒక వరుసలో ఇటుకలను నిడివిగా, పై వరుసలో అడ్డంగా పేర్చే పద్ధతిని ‘ఇంగ్లీషు కట్టు’ అంటారు; పేరు ఇంగ్లీషుదే అయినా అతికే పదార్థం ఇటుక పొడి కలిపిన మన గానుగ సున్నమే. వంటిల్లు, నౌకర్ల గదులు మాత్రం వెనుక, విడిగా.

ఈ విడితనమే పట్టణ రచనకు సూత్రమైంది. హోదాను బట్టి ఆవరణ, ఆవరణను బట్టి చెట్ల నీడ. అధికారుల బంగళాలకు నడుమ తోటలు. కార్మికుల లైన్లలో ఇంటికీ ఇంటికీ ఉమ్మడి గోడ.

ఆ లైన్లలోకి తెలుగువారు రావడానికి మార్గం సుగమం చేసింది రైలు పట్టాయే. ఈస్ట్ కోస్ట్ రైల్వే ఉత్తర భాగం 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వేలో కలిసింది. వాల్తేరు, ఖరగ్‌పూర్ ఒకే కంపెనీ కిందికి వచ్చాయి. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల కుటుంబాలు వర్క్‌షాపు చుట్టూ స్థిరపడ్డాయి. 1927లో ఉద్యోగాల తొలగింపుపై కార్మికులు సాగించిన పోరాటానికి అండగా నిలిచిన నాయకులలో వి.వి. గిరి ఒకరు. ఉమ్మడి గోడల ఇరుగుపొరుగుకు అటువంటి సమ్మెలలో ఎంత బలముందో ఏ నిర్మాణశాస్త్ర గ్రంథమూ లెక్కకట్టలేదు.

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషా ప్రతిపత్తిని ఆమోదించింది. భాషకు దక్కిన ఆ గుర్తింపు ఇళ్లకు దక్కడం కష్టం. పరిరక్షణ అనగానే చూపు బంగళా వరండా మీదికే పోతుంది; లైను ఇంటిని శిథిలమని కూల్చివేస్తే అడిగేవారుండరు. అధికారి ఇంటి నమూనాతోపాటు ఒక్క లైను ఇంటి కొలతలైనా చిత్రించి భద్రపరచడం అవసరం. ఒకే ఇటుక, ఒకే సున్నం రెండింటినీ నిలబెట్టాయి.