జంపన్న గాథయందలి కప్పపు బాస

గోదావరిఖని బొగ్గుగనుల కార్మికులలో మేడారమునకు బోజాలనివారు రెండేండ్ల కొకమారు మాఘమాసమున గోదావరీతీరమునందే సమ్మక్క సారలమ్మలకు బంగారమను పేర బెల్లము నర్పించి మ్రొక్కు దీర్చుకొందురు. తల్లీకూతుండ్రకు గద్దెలు గలవు. సమ్మక్క కొడుకగు జంపన్న పేరు మాత్ర మొక వాగునకు మిగిలినది.

గాథ యిట్లున్నది. పొలవాస మేడరాజు పెంపుడుకూతురగు సమ్మక్కను మేడారపు కోయదొర పగిడిద్దరాజు పెండ్లాడెను. సారలమ్మ, నాగులమ్మ, జంపన్న వారి బిడ్డలు. పగిడిద్దరాజు కాకతీయులకు కప్పము చెల్లింతునని కట్టుపడిన సామంతుడు. కరవులు వరుసగా వచ్చి కప్పము నిలిచిపోగా ప్రతాపరుద్రుని సేన సంపెంగవాగు నొద్ద దాకెను. తండ్రియు, తోబుట్టువులును, బావ గోవిందరాజును బడిరి. జంపన్న పగవారికి జిక్కనొల్లక వాగున దుమికెను. నాటినుండి యది జంపన్నవాగు. బాస చేసినవాడు తండ్రి. దానికి బలియైనవాడు కొడుకు.

ఈ ప్రతాపరుద్రు డెవడు? 1289 మొదలు 1323 వఱకు ఓరుగల్లు నేలిన కడపటి రాజని జనుల తలంపు. హనుమకొండ వేయిస్తంభముల గుడి శాసనము (క్రీ. శ. 1163) మఱియొక తెరువు చూపుచున్నది. అచింతేంద్రకవి రచించిన యా ప్రశస్తిలో రుద్రదేవుడు మేడరాజును గెలిచి పొలవాసదేశమును గైకొనినట్లు గలదు. అతని తండ్రి రెండవ ప్రోలరాజు మంత్రకూటపు గుండరాజును బట్టి, తల గొరిగించి, ఱొమ్మున వరాహముద్ర వేయించి చంపెననియు నందే యున్నది. మంత్రకూటము నేటి మంథని, గనులసీమకు బొరుగూరు. పొలవాస జగిత్యాల చెంతనున్న పొలాస. గెలిచినవాని ప్రశస్తి యగుటచే నిందు జాలి వెదకుట వ్యర్థము.

రుద్రదేవునే చరిత్రకారులు మొదటి ప్రతాపరుద్రు డందురు. కావున మేడరాజు పతనము నూఱేండ్లకు పైగా ముందుకు జరిగి, పేరు పోలికచే కడపటి ప్రతాపరుద్రుని కంటుకొన్నదని నా యభిప్రాయము.

అట్లని కప్పపు గోడును రుద్రదేవుని కాలమునకే ముడివెట్టుట కష్టము. ప్రశస్తిలో పగిడిద్దరాజు లేడు, జంపన్న లేడు. మఱియు కడపటి ప్రతాపరుద్రుని చరిత్ర మీ గాథకు వింతగా సరిపడుచున్నది. 1310లో మాలిక్ కాఫూరు ఓరుగల్లును ముట్టడింపగా ఏటేట ఢిల్లీకి కప్పము పంపుదునని యా రాజొడబడెను. బాకీ నిలిచిన దని 1318లో ఖుస్రూఖాను వచ్చెను. 1323లో కోట పడెను. బందీగా ఢిల్లీకి గొనిపోబడుచు నతడు నర్మదాతీరమున మరణించెనని ప్రోలయనాయకుని విలస శాసనము పలుకుచున్నది. స్వేచ్ఛచే దివి కేగెనని 1423 నాటి అనితల్లి కలువచేరు శాసనము. కప్ప మడిగినవాడే కప్పము బాకీపడి యేటి యొడ్డున బ్రాణములు విడిచెను!

రాజునకు బట్టిన గతియే జనుల నోట జంపన్న చావునకు రూపు దిద్దెనేమో. ఇంతమాత్రమున జంపన్నను కల్పితుడని త్రోసివేయరాదు. శాసనములు చెక్కించినవారు ప్రభువులు. ఓడినవారి మాట కోయల పాటలందును, పడిగెలమీది బొమ్మలందును మాత్రమే నిలిచినది. డోలి కోయలలో పడిగెను విప్పి చదువగల వృద్ధులు తగ్గిపోవుచున్నారు. మంథని, ములుగు ప్రాంతముల బడిపంతుళ్లు తమ కందిన పాఠములను, పాడినవారి యూరును వంశమును గుర్తించి, పాఠభేదములతో వ్రాసి పంపినచో మేడరాజు పేరు వానిలో నే తరమున వచ్చునో లెక్కింప వీలగును.