కనుమకి ఏం తాగుదాం?

2025 జనవరి 12, ఆదివారం, పొద్దు వాలుతున్న వేళ. సత్తెనపల్లి బస్సు క్రోసూరు సెంటర్లో ఆగింది. చూసి దిగండి, పత్తి బోరేలు కట్టుకున్న ఆటో మీ పక్క నుంచే దూసుకుపోతోంది. తెల్లారితే భోగి. మిరపకోతలు ఊపందుకుంటే ఊళ్లో మనిషి దొరకడు కాబట్టి, ఏం మాట్లాడుకున్నా ఈ నాలుగు రోజుల్లోనే మాట్లాడుకోవాలి. రోడ్డు పక్కన ఆగిన కార్లలో సగం తెలంగాణ నంబర్లవే. హైదరాబాద్ ఊరికొచ్చేసింది.

ఆ పురుగుమందుల కొట్టు అరుగు మీదికి రండి. షట్టరు సగం దించేశారు. ఐదుగురు కూర్చుని ఉన్నారు, మీరు ఆరోవారు. ఎవరని ఎవరూ అడగరు, కొంచెం జరిగి చోటిస్తారంతే. వీళ్లంతా 1995 మార్చిలో పదో తరగతి పరీక్షలు రాసినవాళ్లు. ఏటా కనుమనాడు బ్యాచ్ మొత్తం కలవడం వీళ్ల అలవాటు. ఈసారి అరవై మంది దాకా వస్తారట. టెంటు చెప్పేశారు. నాటుకోడి, గారెలు ఖాయం, దాని మీద చర్చే లేదు. తేలనిది ఒక్కటే: తాగడానికేం పెట్టాలి?

"పోయినేడు కూల్‌డ్రింకులు సగం మిగిలినయ్యి. మందు మాత్రం మధ్యాన్నానికే అయిపోయింది," కొట్టతను మొదలెట్టాడు.

"అయిపోవటమేందిరా, అవగొట్టారు. ఎవరో చెప్పమంటావా?" ఆర్టీసీ కండక్టరు నవ్వుతూనే అన్నాడు గానీ, ట్రాక్టరాయన తల పక్కకి తిప్పుకున్నాడు.

"పాత సంగతులెందుకు మావా. ఇప్పుడు తొంభై తొమ్మిదికే క్వార్టరు వస్తంది. రెండు పెట్టెలు పడేస్తే సరి."

ఆ తొంభై తొమ్మిది వెనక పెద్ద కథే ఉంది. 2019 అక్టోబరు నుంచి ఐదేళ్లు మన రాష్ట్రంలో మందు అమ్మింది ప్రభుత్వమే. ఎవరూ వినని పేర్లతో సీసాలు, కొండెక్కిన ధరలు. అప్పట్లో పల్నాడులో మందుబాబుల చూపంతా కృష్ణ అవతలే. దాచేపల్లి దాటి పొందుగుల, వంతెన దాటితే వాడపల్లి, అక్కణ్ణించి తెలంగాణ. చెక్‌పోస్టులో సీసాలు పట్టుబడ్డాయన్న వార్తలు జిల్లా పేజీల్లో మామూలైపోయాయి. 2024 అక్టోబరు 16న మళ్లీ ప్రైవేటు దుకాణాలు తెరిచారు, రాష్ట్రమంతటా 3,396. చవక రకం 180 మిల్లీలీటర్ల సీసా 99 రూపాయలు. ఆ తర్వాత వచ్చిన మొదటి సంక్రాంతి ఇదే. ట్రాక్టరాయన హుషారుకి కారణం మీకిప్పుడు తెలిసిందిగా.

హైదరాబాద్ నుంచి పొద్దున్నే దిగిన సాఫ్ట్‌వేరతను ఫోన్లోంచి తలెత్తాడు. "డల్లాస్ నుంచి మన బ్యాచ్‌వాడొస్తున్నాడు కదా, స్కాచ్ తెస్తానన్నాడు."

"ఎంత తెస్తాడంట?"

"సుంకం లేకుండా రెండు లీటర్లే తేనిస్తారు."

"అరవై మందికి రెండు లీటర్లా! తీర్థం పోస్తాడేంది?" కండక్టరు మాటకి అరుగంతా నవ్వు.

ఇంతవరకూ నోరు విప్పనిది ఎలిమెంటరీ స్కూలు మేష్టారొక్కరే. ఒళ్లో నోటుపుస్తకం పెట్టుకుని లెక్క రాస్తున్నారు. ఆయన ఫోను తీసి అరుగు మీద పెట్టి, స్పీకరు నొక్కారు. బ్యాచ్‌లోనే చదివిన అంగన్‌వాడీ టీచరు గొంతు.

"చూడండయ్యా, పోయినేడు మేం పన్నెండు మందిమి వచ్చాం. అన్నం తిన్న అరగంటకి లేచి వచ్చేశాం. ఎందుకొచ్చేశామో మీలో ఒక్కరూ అడగలేదు. ఈసారి కూడా అట్టాగే అయితే మేం వేరే పెట్టుకుంటాం. మా వంతు డబ్బులు మాత్రం వెనక్కివ్వండి."

కాసేపు ఎవరికీ మాట రాలేదు. రోడ్డు మీద లారీ పోయింది.

"ఆడాళ్లు ఎప్పుడూ ఇంతే..." ట్రాక్టరాయన గొణిగాడు.

"ఆ ఇంతే వల్లే కదరా మనం పదో తరగతిలో ఉండగా మందు బందయింది," అన్నారు మేష్టారు. నిజమే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడితే, ఆ సెగ రాష్ట్రమంతా పాకి 1993లో సారా పోయింది. 1994 డిసెంబరులో ముఖ్యమంత్రి అయిన ఎన్టీఆర్, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్య నిషేధం పెట్టారు. సరిగ్గా సంక్రాంతి రోజుల్లో! వీళ్ల పబ్లిక్ పరీక్షలకి ముందు వచ్చిన ఆఖరి సంక్రాంతి అదే. 1997లో చంద్రబాబు ప్రభుత్వం ఆ నిషేధాన్ని సడలించింది. ఈ మధ్యలో దొంగసారా కాగలేదా అంటే కాగింది. అయినా నిషేధం ఉన్న ఏళ్లలో ఇంట్లో పండగ గొడవ లేకుండా జరిగిందని గుర్తున్న ఆడపిల్లలు ఈ బ్యాచ్‌లోనే ఉన్నారు. అంగన్‌వాడీ టీచరు గొంతులో వినిపించింది అదే.

"సరే, మందు లెక్కలోంచి తీసెయ్," కండక్టరు తేల్చేశాడు. "మరేం పెడదాం?"

ఇక్కణ్ణించి అరుగుకి ప్రాణం వచ్చింది. కొట్టతను థమ్సప్ అన్నాడు. అనడా మరి? 1977లో కోకా-కోలా దేశం వదిలి వెళ్లినప్పుడు పార్లేవాళ్లు తెచ్చిన మందులేని ఘాటు అది. 1993లో మళ్లీ ఆ కోకా-కోలావాళ్లే దాన్ని కొనుక్కున్నారు. చిరంజీవి ప్రకటన చూసి తాగినవాళ్లు వీళ్లు, మహేశ్‌బాబు ప్రకటన చూసి మొదలెట్టింది వీళ్ల పిల్లలు. కాంపా పది రూపాయలకే వస్తోంది కదా అన్నాడు సాఫ్ట్‌వేరతను. మేష్టారు కళ్లజోడు సవరించుకుని, రెండుంబావు లీటర్ల కోలా సీసాలో చక్కెర రెండొందల గ్రాముల పైమాటే అన్నారు. ఆ మాటకి ఐదుగురిలో ముగ్గురి చెయ్యి చొక్కా జేబు మీదికి వెళ్లింది. షుగరు బిళ్లలు ఉండేది అక్కడే.

"గోలీ సోడా పెడదాం రా," అన్నాడు ట్రాక్టరాయన హఠాత్తుగా. అతని నోటి నుంచి ఇది వస్తుందని ఎవరూ అనుకోలేదు. "బండి మొత్తం మాట్టాడదాం. సుగంధి, నిమ్మ, ఉప్పు. కొట్టినప్పుడు ఆ కీచుమనే చప్పుడు వినపడాల."

సోడాబండి దగ్గర నిలబడ్డవాళ్లకి ఆ చప్పుడు చెప్పనక్కర్లేదు. లోపలున్న గ్యాసు గోలీని పైకి నెట్టి, మూతి దగ్గరున్న రబ్బరు రింగుకి అదిమిపెడుతుంది. బొటనవేలితో దాన్ని లోపలికి నొక్కితే గ్యాసు కీచుమంటూ బయటపడుతుంది. ఇంగ్లండులో హైరమ్ కాడ్ అనే ఇంజనీరు 1870ల్లో పేటెంటు తీసుకున్న సీసా ఇది. అక్కడ ప్రదర్శనశాలల్లో చేరింది, మనకి ఇంకా దాహం తీరుస్తోంది. ఉప్పు సోడాకి చక్కెర బాధే లేదు. నాటుకోడి తిన్నాక దాన్ని మించింది లేదని నా ఓటు కూడా వేస్తున్నాను, లెక్కలో రాసుకోకపోయినా సరే.

ఇంకొకటి మిగిలింది, అసలు మొదట రాయాల్సింది: మజ్జిగ. సంగం డెయిరీ పెరుగు బకెట్ పది కిలోలది తెస్తే, నీళ్లు కలిపి, చిలికి, అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు దంచి వేస్తే అరవై మందికి రెండేసి గ్లాసులు దాటి మిగులుతుంది. మిరప పండించే ఊరు కాబట్టి పచ్చిమిర్చి ఎన్ని అన్నదగ్గర మళ్లీ పది నిమిషాలు గొడవ. నిమ్మాకు వెయ్యాలని కండక్టరు, వద్దని కొట్టతను. ఆ గొడవ తెగలేదు.

నీళ్ల టిన్నులు ఇరవై లీటర్లవి ఎనిమిది. పోయినేడు ఐదు తెస్తే గారెలు తినేసరికే చాల్లేదట.

మేష్టారు పేజీ తిప్పారు. పైన 'బ్యాచ్ లెక్క' అని రాసి కింద నీళ్లు, మజ్జిగ, సోడాబండి, పిల్లలకి నాలుగు సీసాల కూల్‌డ్రింకు వేశారు. తర్వాత కొత్త పేజీలో 'సొంత లెక్క' అని రాసి ఖాళీగా వదిలేశారు.

"ఇదేంది మేష్టారూ?" ట్రాక్టరాయన తొంగిచూశాడు.

"తాగేవాళ్లు పేర్లు రాసి డబ్బులియ్యండి. సాయంత్రం ఆరింటికి ఆడాళ్లని, పిల్లల్ని ఇళ్లకి పంపాక మీ ఇష్టం. బండి తోలేవాడి పేరు మాత్రం అందులో ఉండకూడదు."

ట్రాక్టరాయన పెన్ను తీసుకున్నాడు. కాసేపు చూసి, రాయకుండానే తిరిగి ఇచ్చేశాడు. రేపు రాస్తాడో ఏమో, మనకెందుకు.

మీ ఊళ్లోనూ బ్యాచ్ కలుస్తుంటే డబ్బులు వసూలు చేసేముందే ఈ రెండు పేజీలూ విడిగా పెట్టండి, పోయినేడు మధ్యలో లేచి వెళ్లిపోయినవాళ్లకి ముందు ఫోను చెయ్యండి.