విత్తనపు బుట్టయు విజ్ఞానశాలయు

ఉమ్మడి మెదకు జిల్లాకు పడమటి కొసనున్న జహీరాబాదు సీమలో, వానను నమ్ముకొని ఎఱ్ఱని మెట్టనేలలను సాగుచేయు పేద కుటుంబములందు, విత్తనమును కాపాడు భారము తరతరములుగ స్త్రీలదే. కోతకు ముందే చేనిలో సాలువెంట నడచి, గట్టిపడిన కంకిని, పురుగు ముట్టని కాయను ఏరి, ఎండబెట్టి, బూడిదయు వేపాకును కలిపి, పేడతో అలికిన వెదురుబుట్టలో పోసి మూతి మెత్తి దాచునది ఇల్లాలే. ఒక్క చేనిలోనే జొన్న, కంది, కొఱ్ఱ, పెసర, అనుములను కలిపి విత్తి, ఒకటి చెడినను మఱియొకటి ఇంటిని నిలుపునట్లు చూచుటయు ఆమె నేర్పే. పరీక్షించుట, ఎంచుట, భద్రపఱచుట పరిశోధనకు ముఖ్యాంగములే యైనను, ఆమె చేతిమీదుగ జరిగినంతకాలము వానిని ఇంటిపనులనియే లోకము తలచెను.

1972లో అదే జిల్లాలోని పటాన్‌చెరువున అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనసంస్థయైన ఇక్రిశాట్ నెలకొని, జొన్న, సజ్జ, కంది, శనగలపైనను, పిమ్మట వేరుశనగపైనను పరిశోధన కుపక్రమించెను. అచ్చటినుండి బొంబాయి బాటన మఱికొంత పడమటికి పోయినచో తగులు జహీరాబాదు చెంత, పస్తాపూరున, 1983లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వెలసి, దళిత స్త్రీలను గ్రామసంఘములుగ కూర్చెను. 1990వ దశకపు తొలినాళ్లలో ఇక్రిశాట్ కీటకశాస్త్రజ్ఞుడు మిషెల్ పింబర్ట్, పురుగును తట్టుకొను కంది రకములను గూర్చి ఈ సీమ స్త్రీల తీర్పు నడిగెను. శాస్త్రము పురుగును, దిగుబడిని కొలుచుచుండగా, పేదయింటి స్త్రీ చూడవలసినవి ఇంకను పెక్కు గలవు: పప్పు రుచి యెట్టిది, బుట్టలో ఎన్నాళ్లు నిలుచును, కట్టె పొయ్యిలోకి వచ్చునా, పొట్టు పశువు తినునా? ఆమెకు కంది మొక్క వట్టి పంట కాదు, సగము సంసారము.

అడిగినచో పేదరైతు ఎంతదూరము ఆలోచింపగలడో 2001 జూన్ మాసాంతమున అల్గోలు గ్రామమున జరిగిన ‘ప్రజాతీర్పు’ చాటిచెప్పెను. వ్యవసాయముపై ఆధారపడువారిని నూటికి 70 మంది నుండి 40 మందికి తగ్గింపదలచిన నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వపు ‘విజన్ 2020’ ప్రణాళికను విచారించుటకు, చిన్న సన్నకారు రైతులు, వారిలోను అధికసంఖ్యాకులు స్త్రీలు, న్యాయనిర్ణేతలై కూర్చుండిరి. సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తి పి.బి. సావంత్ పర్యవేక్షక మండలికి అధ్యక్షత వహించెను. భిన్నపక్షముల సాక్ష్యములను దినములతరబడి ఆలకించి, కూలిచేతులను తొలగించు యాంత్రీకరణము వలదనియు, జన్యుమార్పిడి పంటలు వలదనియు, విత్తనముపైనను నేలపైనను తమ ఊరి అధికారమే నిలువవలెననియు వారు తీర్పు చెప్పిరి.

పిదప 2008 అక్టోబరు 15న మాచనూరున, పస్తాపూరు సొసైటీ కూర్చిన గ్రామసంఘముల స్త్రీలదైన సంఘం రేడియో ప్రసారములు మొదలై ఆ స్త్రీల గొంతు ఊరూర వినిపించెను. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమమువారి ఈక్వేటర్ బహుమతి ఆ సంఘములను వరించెను. సన్మానము సంతోషకరమే, కాని సన్మానము వేఱు, భాగస్వామ్యము వేఱు. సిద్ధమైన వంగడమును తెచ్చి ఆమె వాకిట నిలుచుటతో విజ్ఞానము తన ధర్మమును నెఱవేర్చినట్లు కాదు. ప్రయోగక్షేత్రమున తొలిచాలు దున్నకమునుపే, ఏ ప్రశ్నకు సమాధానము వెదకవలెనో నిర్ణయించు సభలోనే, విత్తనపు బుట్ట మూసిన ఆ చేతులకు పీట వేయవలెను.