శ్రీహరికోట సమీక్ష - మన సమీక్షలు

విమర్శ అనగానే మన రచయితల్లో చాలామందికి అది సాహిత్యానికి మాత్రమే సంబంధించిన వ్యవహారంగా తోస్తుంది. శాస్త్రజ్ఞులకు లెక్కలుంటాయి, తప్పు తప్పని తేలిపోతుంది, ఇక వాదులాట దేనికని అనుకుంటాం. శ్రీహరికోట చరిత్ర ఈ భ్రమను నిలవనివ్వదు. (ఆ దీవిని వదిలిపోవలసివచ్చిన యానాదుల చరిత్ర వేరే రాయాలి.)

1979 ఆగస్టు 10 ఉదయం ఎస్.ఎల్.వి.-3 రాకెట్ అక్కడినుంచి లేచింది. 22 మీటర్ల పొడవు, 17 టన్నుల బరువు. మొదటి దశ సక్రమంగా పనిచేసింది. రెండోదశలో అదుపు తప్పి బంగాళాఖాతంలో పడిపోయింది. మర్నాడే డెబ్భైమందికి పైగా శాస్త్రజ్ఞులు సమీక్షకు కూర్చున్నారు. తర్వాతి విచారణలో కారణం తేలింది: రెండోదశను అదుపుచేసే వ్యవస్థలో మలినం చేరిన ఒక కవాటం మూసుకోలేదు, నైట్రిక్ ఆమ్లం ప్రయోగానికి ముందే కారిపోయింది.

ఇక్కడ ఆగి చూడాలి. ఆ లీకు ముందు తెలియనిది కాదు. కౌంట్‌డౌన్ చివరి నిమిషాల్లో కంప్యూటర్ ప్రయోగాన్ని ఆపింది. నిపుణులు లెక్కలు చూసి, ఆమ్లం చాలినంత ఉంది, ఫరవాలేదన్నారు. ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాం కంప్యూటర్‌ను పక్కనబెట్టి ముందుకు వెళ్లాడు. ఈ సంగతి ఆయనే తర్వాత ఎన్నో సభల్లో చెప్పాడు. ఆయన చెప్పిన ప్రకారం చూస్తే, ఆ గదిలో అడ్డుచెప్పింది యంత్రం. ఏళ్లతరబడి పడ్డ శ్రమ, ఎదురుచూస్తున్న దేశం, పైనున్న పెద్దలు - ఇన్నింటి మధ్య ‘ఆగుదాం’ అన్న మాట మనిషి నోట రావడం ఎంత కష్టమో!

సమీక్షలో సహచరులు సాంకేతిక కారణాలు వివరించాక, లీకును తక్కువగా అంచనా వేసిన బాధ్యత తనదేనని కలాం లేచి చెప్పాడు. ఆయన్ను తొలగించలేదు, కవాటాన్నీ వదిలిపెట్టలేదు. పత్రికలవాళ్ల ముందు మాత్రం సంస్థ అధిపతి సతీష్ ధావన్ వైఫల్యాన్ని తన నెత్తిన వేసుకున్నాడు. 1980 జూలై 18న రోహిణి కక్ష్యలో చేరినప్పుడు, మాట్లాడే పని కలాంకు అప్పగించాడు. బయట కాపు, లోపల నిలదీత.

నిలదీసేవాళ్లుంటే చాలదు. 1986 జనవరి 27 రాత్రి అమెరికాలో మోర్టన్ థయోకోల్ ఇంజనీర్లు రోజర్ బోయిజోలీ తదితరులు, చలికి రబ్బరు సీళ్లు పనిచేయవు, ఛాలెంజర్‌ను పంపవద్దని గట్టిగా వాదించారు. కంపెనీ యాజమాన్యం వాళ్ల మాట తోసిపుచ్చింది. మర్నాడు ఏడుగురు చనిపోయారు. నిర్ణయాధికారం ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్నను తప్పించి విమర్శ గురించి మాట్లాడలేం.

అమెరికన్ ప్రకటనల వ్యాపారి అలెక్స్ ఆస్‌బర్న్ ప్రచారం చేసిన మేధోమథనానికి ఒక ముఖ్య నియమం, ఆలోచనలు వస్తున్నప్పుడు విమర్శ వద్దని. మొలకను తొక్కకూడదన్నంతవరకు ఒప్పుకుంటాను. ఆమ్లం కారుతున్నప్పుడు ఆ నియమం పనికిరాదు.

మన సాహిత్యసభల్లో శ్రీహరికోట పద్ధతి తలకిందులైంది. వేదికమీద పూలదండ, టీకొట్టు దగ్గర చీల్చిచెండాడటం. మా నర్సీపట్నంలో చూస్తూనే ఉన్నాను: పుస్తకంలో సగం కథలు పచ్చివని తెలిసినవాడే మైకు ముందు అవి కలకాలం నిలుస్తాయంటాడు. కథకుడు శాలువాతో ఇంటికెళతాడు. రెండో పుస్తకంలోనూ ఆ కవాటమే కారుతూ ఉంటుంది.