డ్యూటీ-ఫ్రీ: అక్షర విభజన, ఉచ్చారణ

అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం సెజ్ లాంటి చోట్ల బాగా పనికొచ్చే ఇంగ్లీషు సమాస విశేషణం ‘డ్యూటీ-ఫ్రీ’. 2005 నాటి సెజ్ చట్టం కింద యూనిట్లు కస్టమ్స్ సుంకం కట్టకుండా దిగుమతి చేసుకునే ముడిసరుకును ఇలా అంటారు.

పలుకులో మూడు భాగాలు: డ్యూ, టి, ఫ్రీ. నడిమిది తేలికైనది, మనం ‘టీ’ అని సాగదీస్తాం. అమెరికన్ల నోట మొదటి మాట దాదాపు ‘డూడి’ అవుతుంది. ‘ఫ్రీ’లోని ఫకారం కింది పెదవిని పైపళ్లకు ఆనించి పలికేది, ఒత్తు ‘ఫ’ కాదు.

అసలు కీలకం ఊనికలో ఉంది. ‘ఈ సరుకు డ్యూటీ-ఫ్రీ’ అని వాక్యం చివర వస్తే ప్రధాన ఊనిక ‘ఫ్రీ’ మీద. వెంట నామవాచకం చేరి ‘డ్యూటీ-ఫ్రీ షాప్’ అయితే అది ‘డ్యూ’ వైపు జరుగుతుంది. తెలుగులో ఊనిక అర్థాన్ని మార్చదు కనుక మన చెవి ఈ తేడాను ఇట్టే వదిలేస్తుంది.

నామవాచకం ముందు రాసేటప్పుడు రెండు మాటల మధ్య అడ్డగీత పెట్టాలి.