మందుల డబ్బాలో మిగిలిన గోలీలు

మా కౌడిపల్లి వైపు ఏ ఇంట్లో చూసినా అల్మరాలోనో ఫ్రిజ్ మీదనో ఒక మందుల డబ్బా ఉంటుంది. ఒకప్పుడు అది బిస్కెట్ల రేకు డబ్బా, ఇప్పుడు స్వీటు షాపు ప్లాస్టిక్ డబ్బా. జరం గోలీలు, నొప్పుల మలాము, అత్తమ్మల షుగర్ గోలీలు, వాటితో పాటు సగం వాడి వదిలేసిన యాంటీబయోటిక్ స్ట్రిప్ ఒకటో రెండో. కొందరిళ్ళలో మిగిలినవే కాదు, చీటీ లేకుండా ముందుగానే కొని పెట్టుకున్నవి కూడా ఉంటాయి. "ఉండనీ, రాత్రిపూట అక్కరకొస్తయి" అని దాచేది మనమే. ఎవరికి జరమొస్తే ఏ గోలీ తీసియ్యాలో చెప్పేదీ మనమే. కాబట్టి ఈ గోలీల చరిత్ర మనం కొంచెం తెలుసుకోవాలి.

అమ్మమ్మల కాలంలో డబ్బా లేదు, మూట ఉండేది. శొంఠి, వాము, పిప్పళ్ళు, కరక్కాయ, పసుపు కొమ్ములు. ఆపదకు ముందే సిద్ధంగా ఉండటం అనే గుణం మనకు అక్కడి నుంచే వచ్చింది. దాన్ని నేను తప్పు పట్టను. కానీ ఆ మూటకూ ఈ డబ్బాకూ ఒక పెద్ద తేడా ఉంది. కరక్కాయ ఎన్నిసార్లు అరగదీసి నాకించినా దగ్గు దానికి అలవాటుపడి మొండికెయ్యదు. యాంటీబయోటిక్ సంగతి అలా కాదు. ఒక్క మనిషి అరకొరగా మింగినా లోపలి సూక్ష్మజీవుల్లో బలహీనమైనవి చచ్చి, తట్టుకున్నవి మిగులుతాయి. అవి పెరుగుతాయి. ఆ తట్టుకునే గుణాన్ని పక్కనున్న వేరే జాతి సూక్ష్మజీవులకు కూడా అందిస్తాయి. చేతుల మీదుగా, బాత్రూం మీదుగా ఇంట్లో మిగతావాళ్ళకూ అంటుకుంటాయి.

ఈ మాట ఈ మధ్య కనిపెట్టింది కాదు. పెన్సిలిన్‌ను 1928లో గుర్తించిన అలెగ్జాండర్ ఫ్లెమింగే 1945 డిసెంబరులో నోబెల్ బహుమతి అందుకున్నప్పుడు తన ప్రసంగం చివర ఈ హెచ్చరిక చేశాడు. ఈ మందు ఎవరైనా అంగట్లో కొనుక్కునే రోజు వస్తుందని, తెలియనివాళ్ళు చాలీచాలని మోతాదు వేసుకుంటారని అంటూ ఒక ఊహాకథ చెప్పాడు. ఎక్స్ అనే ఆయనకు గొంతునొప్పి. కొంచెం పెన్సిలిన్ కొని తనంతట తానే వేసుకున్నాడు. క్రిములు చావలేదు, మందుకు రాటుదేలాయి. అవే ఆయన భార్యకు అంటుకున్నాయి. ఆమెకు న్యుమోనియా వచ్చింది. పెన్సిలిన్ ఇచ్చారు, పని చెయ్యలేదు. ఆమె చనిపోయింది. మందు వేసుకున్నది భర్త, పోయింది భార్య! అప్పటికి పెన్సిలిన్ మామూలు జనానికి అందడం ఇంకా మొదలవుతోంది. అంత ముందుగా ఆయన ఇంటి గడప లోపల జరిగేది చూడగలిగాడు.

తర్వాత మూడేళ్ళకే మన తెలుగువాడి పేరు ఈ చరిత్రలోకి వచ్చింది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే కంపెనీ పరిశోధన విభాగానికి అధిపతి. ఆయన ఆధ్వర్యంలో పనిచేసిన బెంజమిన్ డగ్గర్ మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశాడు. టెట్రాసైక్లిన్ మందుల్లో అది మొట్టమొదటిది, 1948లో బయటికొచ్చింది. అదే ఏడు ఆగస్టులో సుబ్బారావు పోయారు. చిన్నప్పుడు మా పుస్తకాల్లో ఈయన పాఠం ఎందుకు లేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

దాచుకోవడం గురించి కూడా ఆ మందే ఒక పాఠం చెప్పింది. గడువు దాటి చెడిపోయిన టెట్రాసైక్లిన్ వేసుకున్నవాళ్ళకు మూత్రపిండాలు దెబ్బతిన్నాయని 1963లో అమెరికా వైద్య పత్రికలో వచ్చింది. గడువు దాటిన ప్రతి గోలీ విషమవుతుందని కాదు. కానీ మన డబ్బాలో కత్తిరించిన స్ట్రిప్ మీద తేదీ ఉన్న ముక్క ముందే చెత్తలోకి పోయి ఉంటుంది. పిల్లల పొడి సిరప్ అయితే నీళ్ళు కలిపాక వారం దాటితే పనికిరాదు.

అయితే ఇంత ఖరీదైన మందు మన డబ్బాలో మిగిలిపోయేంత చవక ఎట్లా అయింది? ఆ జవాబు మన బస్సు దారిలోనే ఉంది. మెదక్ నుంచి మా ఊరు, నర్సాపూర్ మీదుగా పట్నం పోయే బస్సు బాలానగర్ నర్సాపూర్ చౌరస్తా దగ్గర తేలుతుంది. ఆ పక్కనే ఐడీపీఎల్. 1961లో ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ కంపెనీ, సోవియట్ సాయంతో మందుల తయారీ నేర్పింది. 1970 పేటెంట్ల చట్టం వచ్చాక విదేశీ మందును వేరే పద్ధతిలో ఇక్కడే చేసుకునే వీలు కలిగింది. ఐడీపీఎల్‌లో పనిచేసి బయటికొచ్చిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. అలాంటివాళ్ళ వల్ల జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు చుట్టూ మందుల ఫ్యాక్టరీలు లేచాయి. పేదవాడికి మందు అందింది. అది చిన్న విషయం కాదు.

కానీ పటాన్‌చెరు కథకు ఇంకో ముఖం ఉంది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి వదిలే నీళ్ళను పరీక్షించిన ఫలితాలు ప్రచురించింది. దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలు అక్కడికొచ్చేవి. లీటరు నీళ్ళలో సిప్రోఫ్లాక్సాసిన్ 31 మిల్లీగ్రాముల దాకా దొరికింది. ఆ గోలీ మింగిన రోగి రక్తంలో ఉండేదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అప్పుడు పటాన్‌చెరు మన ఉమ్మడి మెదక్ జిల్లాలోదే. ఆ నీళ్ళు నక్కవాగు, మంజీర దారి పట్టేవి. ఇంట్లో దాచిన నాలుగు గోలీల పక్కన ఇది కొండంత. అయినా "వాళ్ళు అంత కలిపితే మన నాలుగు గోలీలు లెక్కా" అనుకోవడానికి లేదు. వాగులో ఉన్నది మన చేతిలో లేదు, డబ్బా మన చేతిలోనే ఉంది.

భయం వచ్చినప్పుడు దాచుకోవడం పెరుగుతుంది. 2001లో అమెరికాలో ఆంత్రాక్స్ పొడి ఉత్తరాల్లో వచ్చినప్పుడు జనం సిప్రో కోసం ఎగబడ్డారు. కరోనాలో మనం చూసినదీ అదే. 2021 మేలో తెలంగాణలో ఇంటింటి జ్వర సర్వే పెట్టి, లక్షణాలున్నవాళ్ళకు కిట్లు పంచారు. వాటిలో పారాసెటమాల్, విటమిన్లతో పాటు అజిత్రోమైసిన్ కూడా ఉంది. బ్రిటన్‌లో ఇంట్లోనే ఉన్న 50 ఏళ్ళు దాటిన రోగుల మీద చేసిన ప్రిన్సిపుల్ పరీక్షలో కరోనాకు అజిత్రోమైసిన్ వల్ల ప్రత్యేక లాభం లేదని ఆ ఏడు జనవరిలోనే తేలింది. కరోనా వైరస్, ఈ మందు బాక్టీరియాకు. కిట్టు ఇచ్చిన ఆశా అక్కలను అనేదేమీ లేదు, ప్రాణాలకు తెగించి తిరిగారు. కానీ అజిత్రో అంటే జరం గోలీ అన్న మాట అప్పటి నుంచే మన నోళ్ళలో నాటుకుంది. ఇక అమెరికా పిల్లల దగ్గరికి పోయే అమ్మల సూట్‌కేసుల్లో పచ్చడి సీసాల మధ్య ఆరు నెలలకు సరిపడా యాంటీబయోటిక్ స్ట్రిప్పులు పోతూనే ఉన్నాయి. అక్కడ చీటీ లేకుండా ఇవ్వరు కదా!

నాకు ఎక్కువ గుబులు పుట్టించేది ఆడవాళ్ళ సంగతి. మూత్రంలో మంట వస్తే మగ డాక్టరుకు చెప్పడానికి సిగ్గు. పొలం పనిలో ఒక పూట కూలి పోతుంది. అందుకని డబ్బాలోంచి రెండు గోలీలు మింగుతారు. మంట తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది, మళ్ళీ రెండు. ఈ జబ్బుకు ఎక్కువగా కారణమయ్యే ఈ.కోలి మీద మన దేశంలో సిప్రో ఎంత బలహీనపడిందో ఐసీఎంఆర్ ఏటా ఇచ్చే నివేదికలే చెబుతున్నాయి. కొందరిలో ఇన్ఫెక్షన్ పైకి పాకి మూత్రపిండాల దాకా పోతుంది. ముందే మందు పడితే మూత్ర పరీక్షలో క్రిమి దొరకడమూ కష్టమే, ఏ మందు పనిచేస్తుందో డాక్టరుకు తెలియదు. ఫ్లెమింగ్ కథలో భర్త మింగాడు, ఇక్కడ మింగేదీ బాధపడేదీ ఒక్క మనిషే.

చట్టం లేక కాదు. డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్ మందులు ఇవన్నీ. సెఫిక్సిమ్ లాంటి మరికొన్నిటిని 2014 మార్చి 1 నుంచి షెడ్యూల్ హెచ్1లో పెట్టారు. షాపువాళ్ళు రోగి పేరు, డాక్టరు పేరు రిజిస్టరులో రాసి మూడేళ్ళు ఉంచాలి. స్ట్రిప్ మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే చీటీ లేకుండా వాడొద్దని గుర్తు, 2016లో దాని గురించి ప్రచారం కూడా చేశారు. ఈసారి డబ్బా సర్దేటప్పుడు ఆ గీత ఉన్నవి ఎన్ని ఉన్నాయో ఒకసారి లెక్కపెట్టండి.

నిజంగా అక్కరకొచ్చేవి వేరే ఉన్నాయి: ఓఆర్ఎస్ పొట్లాలు, పారాసెటమాల్, థర్మామీటరు, గాయం కడిగే మందు, పిల్లలుంటే డాక్టరు చెప్పిన మోతాదు రాసిన కాయితం. అయితే ఒకటి ఒప్పుకోవాలి. 2005 నుంచి 108 ఉంది, పురుళ్ళకూ గుండెనొప్పికీ వస్తుంది. రాత్రి పదకొండుకు పిల్లకు 102 జరముంటే 108కి ఎవరూ ఫోన్ చెయ్యరు. ఆఖరి బస్సు పోయింది, దవాఖానలో డాక్టరు పొద్దున్నే వస్తారు. ఆ రాత్రికి అడగడానికి ఒక మనిషి దొరికే దాకా, ఎంత చెప్పినా ఊళ్ళల్లో తల్లులు ఆ స్ట్రిప్పును పారెయ్యరు.