నిజాం గాడీ, డోర్నకల్ మిస్త్రీ

మొన్న ఈద్ సెలవుల్లో ఖాన్‌దాన్ అంతా కలిసి హైదరాబాద్‌లో చౌమహల్లా పేలస్‌కి వెళ్లాం. అక్కడ నిజాంల మోటార్లు పెట్టిన చోట పసుపచ్చ రోల్స్ రాయిస్ ముందు ఎప్పుడూ భీడ్ ఉంటుంది. పిల్లలు ఫోటోలు దిగుతున్నారు, నేనూ దిగాను. మా మామూ మాత్రం ఫోటోకి రాలేదు. మోకాళ్ల మీద కూర్చుని కారు కిందికి తొంగి చూస్తున్నారు.

"క్యా దేఖ్‌రే మామూ?"

"తేల్ కా దాగ్ దేఖ్‌రౌం. ఏక్ బూంద్ బీ నై." లేచి చేతులు దులుపుకున్నారు. "ఖడీ రైతో గాడీ మర్ జాతీ బేటా."

మామూది డోర్నకల్. బెజవాడ లైన్ నుంచి బొగ్గు గనుల వైపు పట్టాలు చీలే జంక్షన్ మాది. అక్కడ రేకుల షెడ్డు కింద నలభై ఏళ్లు లారీలు బాగుచేశారు. ఇంజన్ చప్పుడు విని ఏ సిలిండర్‌కి నొప్పి వచ్చిందో చెప్పేవారు. అందుకే ఆ రోజు ఆయన మాట నన్ను వదల్లేదు. ఇంటికొచ్చి ఆ గాడీ తారీఖ్ తవ్వడం మొదలుపెట్టాను.

దాన్ని ఆర్డర్ ఇచ్చింది ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్. 1911 ఆగస్టులో ఆయన ఇంతెఖాల్ అయ్యారు. సిల్వర్ గోస్ట్ చాసిస్ మీద లండన్ బార్కర్ కంపెనీ బాడీ కట్టింది. వెనక సీటు తఖ్త్ లాగా ఎత్తుగా ఉంటుంది. గాడీ తయారైంది 1912లో. అంటే మంగవాయించుకున్న హుజూర్ దాంట్లో ఒక్కసారీ కూర్చోలేదు. (మా ఊరికి 1912 అంటే ఇంకో యాద్. ఆ డిసెంబరులోనే అజరయ్య డోర్నకల్ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ చర్చిలో మొదటి హిందుస్తానీ బిషప్ ఆయనే.) తర్వాత తఖ్త్ ఎక్కిన ఉస్మాన్ అలీ ఖాన్ ఖర్చు విషయంలో చెయ్యి బిగుతు మనిషి. గాడీ బయటికొచ్చింది చాలా తక్కువ.

ఇక్కడే నాకు ఆశ్చర్యం వేసింది. సిల్వర్ గోస్ట్‌కి పేరొచ్చింది మహళ్లలో నిలబడి కాదు, నడిచి. 1907లో బ్రిటన్‌లో పరీక్షకని ఒక గోస్ట్‌ని 15,000 మైళ్లు నడిపారు. తర్వాత మొత్తం విప్పి చూస్తే, అరిగిన భాగాల్ని మళ్లీ కొత్తగా చేయడానికి పట్టిన ఖర్చు 2 పౌండ్ల 2 షిల్లింగుల 7 పెన్సులు. ఇది చెబితే మామూ నవ్వారు. "చల్తీ గాడీ కో కమ్ ఖర్చా."

ఎందుకో అడిగాను. ఫోన్‌లో ఆ ఇంజన్ బొమ్మలు చూపిస్తే చిన్నపిల్లాడికి కథ చెప్పినట్టు చెప్పారు. ఆరు సిలిండర్లు, మూడేసి చొప్పున రెండు దిమ్మలు. ఏడు లీటర్లు దాటిన ఇంజన్. బేరింగుల్లో తెల్లలోహం, కరిగించి పోయాలి. "హమ్ బీ డాల్తే థే, పురానే ఇంజన్ మే." పోశాక గంటల తరబడి గీకుతూ, నీలిరంగు రాసి చూస్తూ, షాఫ్ట్‌కి సరిగ్గా కూర్చోబెట్టాలి. సబర్ లేనివాడు ఆ పనికి పనికిరాడు. ఇప్పుడది చేసే హునర్ ఎవరి దగ్గరుంది?

స్టార్ట్ చేయడం కూడా ఒక రస్మే. ముందు చేతిపంపుతో పెట్రోలు ట్యాంకులోకి గాలి కొట్టాలి, ఆ ఒత్తిడితోనే పెట్రోలు కార్బురేటర్‌కి ఎక్కుతుంది. తర్వాత ముందుకొచ్చి హ్యాండిల్ తిప్పాలి, 1912 గోస్ట్‌కి సెల్ఫ్ లేదు. ముందు చక్రాలకి బ్రేకులూ లేవు! ఇలాంటి గాడీని ఏళ్లకేళ్లు ఆపేస్తే పెట్రోలు ఎండి జిగురవుతుంది, పిస్టన్ రింగులు గోడలకి అంటుకుపోతాయి, వాల్వులు పట్టేస్తాయి, ఒకేచోట బరువు మోసిన టైరు చదునవుతుంది. లోపలి చెక్క చట్రాన్ని చెమ్మ తింటుంది. బయట రంగు మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది.

1967లో ఉస్మాన్ అలీ ఖాన్ పోయాక విరాసత్ మనవడు ముకర్రమ్ జాహ్‌కి వచ్చింది. అరవై కార్లు, వాటి పెట్రోలుకీ స్పేర్ పార్టులకీ ఏటా భారీ బిల్లు, నడిచే స్థితిలో ఉన్నవి నాలుగే అని ఆయన జీవితం రాసినవాళ్లు చెబుతారు. స్పేర్ పార్టుల లెక్క వస్తోంది, గాడీలు కదలట్లేదు. మా ఆఫీసుల్లో కూడా ఇలాంటి బిల్లులు చూశాను, అది వేరే సంగతి.

తమాషా ఏమిటంటే ముకర్రమ్ జాహ్‌కే యంత్రాల పిచ్చి. హారో, కేంబ్రిడ్జ్ చదువు, కానీ చేతులకి గ్రీజు అంటితేనే ఖుషీ. హైదరాబాద్ కోర్టు కేసులు, ఖాన్‌దాన్ తగాదాలు విడిచి పశ్చిమ ఆస్ట్రేలియాలో లక్షల ఎకరాల గొర్రెల ఫారం కొని అక్కడ బుల్‌డోజర్లు నడిపాడు. నిజాం తఖ్త్ మీద ఒక మిస్త్రీ ఉండాల్సింది, మన నసీబ్ బాగాలేదు అన్నారు మామూ. నాకైతే ఆయన మీద కోపం కూడా ఉంది. యంత్రం తెలిసినవాడు తాత గరాజ్‌కి తాళం వేసి వెళ్లిపోవడమేంటి?

చౌమహల్లాని నిలబెట్టింది ఆయన మాజీ బేగం ప్రిన్సెస్ ఎస్రా. ఏళ్లపాటు మరమ్మతు చేయించి 2005లో ప్రజలకి తెరిచారు. 2010లో యునెస్కో అవార్డు వచ్చింది. ఈ రోజు ఆ గాడీని మనం చూడగలుగుతున్నామంటే అందుకే.

కానీ నేను వెదికిన కాగితాల్లో నిజాం పేరుంది, బార్కర్ పేరుంది, ధర గురించి గొప్పలున్నాయి. ఆ గాడీకి రోజూ నూనె పోసినవాడి పేరు దొరకలేదు. ఉస్తాద్ ఎవరు, శాగిర్ద్ ఎవరు, తాళంచెవి ఎవరి జేబులో ఉండేది? మనవాళ్లు ఆసఫ్‌జాహీ జమానా అనగానే హీరాలు లెక్కపెడతారు. హిఫాజత్ చేసిన చేతుల్ని లెక్కపెట్టరు.

మామూ షెడ్డు మూసి మూడేళ్లయింది. కొడుకులు దుబాయ్‌లో, ఏసీ షోరూముల్లో ఉన్నారు. తిరుగు రైల్లో ఒక నోట్‌బుక్ తీసి బేరింగు పోసే తరీఖా చెప్పమన్నాను. "తూ ఉర్దూ మే లిఖ్‌తా యా తెలుగు మే?" అని అడిగారు. రెండిట్లోనూ అన్నాను. డోర్నకల్ వచ్చేసరికి నాలుగు పేజీలు నిండాయి. తెల్లలోహం ఎంత వేడెక్కాలో చెప్పడానికి ఆయనకి డిగ్రీలు తెలియవు. కాగితం ముక్క ముంచితే ఏ రంగుకి తిరగాలో చెప్పారు. అదే రాసుకున్నాను.